ప్రజాస్వామ్యం, గణతంత్రం, మధ్యలో ‘ప్రజాసామ్యం’

సందేహం: ‘బ్రిటన్ ప్రజాస్వామ్య దేశమే కానీ గణతంత్రం కాదు’ అని ఒక వ్యాసంలో చదివాను. ఈ రెండు మాటలకూ అర్థం ఒకటే అనుకుంటూ వచ్చాను. తేడా ఏమిటి? కొందరు ‘ప్రజాసామ్యం’ అని కూడా రాస్తున్నారు. అదీ ఒప్పేనా? అసలు రాజే లేని దేశాన్ని ‘గణతంత్ర రాజ్యం’ అనడం సబబేనా?

సమాధానం: మీరు చదివిన వాక్యం సరైనదే. ముందు ‘ప్రజాసామ్యం’ సంగతి తేల్చేద్దాం. ‘స్వామి’ నుంచి వచ్చింది స్వామ్యం, అంటే అధికారం, యాజమాన్యం. ‘సమ’ నుంచి వచ్చింది సామ్యం, అంటే సమానత్వం. ప్రజల స్వామ్యం కాబట్టి ప్రజాస్వామ్యం. షష్ఠీ తత్పురుష సమాసం. ‘ప్రజాసామ్యం’ ఆ అర్థంలో తప్పు. ‘భూస్వామ్యం’లో ఉన్నదీ ఈ స్వామ్యమే. అక్కడ వ వత్తు ఎవరూ మరిచిపోరు, భూస్వామి అంతగా నాలుకకు అలవాటైన మాట మరి! ‘సామ్యవాదం’లో ఉన్నది మాత్రం రెండో మాట.

వత్తు జారిపోతే వచ్చేది వట్టి అక్షరదోషం కాదు, వేరే ఆదర్శం. చరిత్రలో స్వామ్యం దక్కినచోట సామ్యం వెంటనే రాలేదు. క్రీ.పూ. 508 ప్రాంతంలో క్లెయిస్తెనీస్ అనే నాయకుడి సంస్కరణలతో గ్రీకు నగరరాజ్యమైన ఏథెన్స్‌లో కొత్త పాలన మొదలైంది. పౌరులు తామే సభలో కూర్చుని నిర్ణయాలు చేసేవారు. చాలా పదవులకు మనుషుల్ని చీటీలు వేసి ఎంచుకునేవారు. ఇప్పటి ఏ పార్టీ అయినా వింటే హడలిపోయే పద్ధతి. అయితే స్త్రీలకూ, బానిసలకూ, బయటినుంచి వచ్చి స్థిరపడినవారికీ ఆ సభలో చోటు లేదు. పైగా క్రీ.పూ. 451లో అక్కడి నాయకుడు పెరిక్లీస్ తెచ్చిన చట్టం ప్రకారం తల్లీ తండ్రీ ఇద్దరూ ఏథెన్స్ వారైతేనే కొడుకు పౌరుడు. అధికారం చేతికందాక దాన్ని పంచుకునేవారి సంఖ్య తగ్గించుకున్నారన్నమాట. ఏథెన్స్‌ది ప్రజాస్వామ్యం అనవచ్చు, సామ్యం అనలేం.

ఇక గణతంత్రం. గణం అంటే సమూహం, తంత్రం అంటే పాలనావ్యవస్థ. (తెలుగులో తంత్రం అనగానే ముందు ఎత్తుగడ స్ఫురిస్తుంది. ఎన్నికల వార్తలు చదివేవారికి ఈ రెండు అర్థాలూ ఒకటే అనిపిస్తే వారి తప్పేమీ లేదు.) ఇప్పటి వాడుకలో గణతంత్రం అన్నమాటకు ప్రాణం ఒక్కటే: దేశాధినేత పదవి పుట్టుకతో రాకూడదు. ప్రజాస్వామ్యం అన్నమాట అడిగే ప్రశ్న వేరు: అధికారం చివరికి ఎవరిది? రెండూ వేర్వేరు ప్రశ్నలు కాబట్టి జవాబులూ వేర్వేరుగా ఉండవచ్చు.

ఇటలీలోని ఒకప్పటి నగరరాజ్యం వెనిస్‌నే చూడండి. అక్కడి అధినేతను డోజే అనేవారు. ఆ పదవి వారసత్వంగా వచ్చేది కాదు, ఎన్నుకునేవారు. కానీ 1297లో అక్కడి పాలనకు మూలమైన మహాసభ సభ్యత్వాన్ని కొన్ని కుటుంబాలకే దాదాపు పరిమితం చేశారు. 1797లో నెపోలియన్ సేనల ముందు కూలిపోయేదాకా అది గణతంత్రమే, ప్రజాస్వామ్యం మాత్రం కాదు.

బ్రిటన్‌ది సరిగ్గా దీనికి తలకిందుల కథ. 1649లో ఇంగ్లండ్ వారు రాజు మొదటి చార్లెస్‌కు మరణశిక్ష వేసి, రాచరికాన్నే రద్దు చేశారు. రాజు మీద పోరాడిన సేనాని క్రాంవెల్ 1653లో ‘ప్రొటెక్టర్’, అంటే దేశాధినేత, అయ్యాడు. 1658లో ఆయన పోతే ఆ కుర్చీ ఎక్కింది ఎవరనుకున్నారు? ఆయన కొడుకు రిచర్డ్! రాజు పేరు పోయింది కానీ వారసత్వం అలవాటు పోలేదు. రిచర్డ్ ఏడాది తిరక్కుండానే దిగిపోయాడు. 1660లో రాచరికం తిరిగొచ్చింది. ఆ తర్వాత అక్కడ రాజును తీసేయలేదు, ఆయన అధికారాన్నే కొంచెం కొంచెంగా పార్లమెంటు లాక్కుంది. 1832లో ఓటుహక్కు కొంత విస్తరించింది. 1918లో స్త్రీలలో కొందరికి ఓటు వచ్చింది. పురుషులతో సమానంగా రావడానికి 1928 దాకా ఆగాల్సివచ్చింది. కాబట్టి బ్రిటన్ ప్రజాస్వామ్యం, కానీ గణతంత్రం కాదు. జపాన్, స్వీడన్‌లదీ ఇదే కోవ.

ఇక్కడొక చిక్కుంది. 18వ శతాబ్దపు అమెరికా రాతలు చదివేవారికి ఈ తేడా సరిపోదు. అక్కడ రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన మాడిసన్ వంటివారు ప్రజలే స్వయంగా గుమికూడి పాలించుకుంటే ప్రజాస్వామ్యమనీ, ప్రతినిధుల ద్వారా పాలిస్తే గణతంత్రమనీ విడదీశారు. 1787లో రాసుకున్న వారి రాజ్యాంగంలో ప్రజాస్వామ్యం అన్నమాటే లేదు. గణతంత్ర తరహా ప్రభుత్వానికి హామీ మాత్రం ఉంది. ఆ గ్రంథాలను అనువదించేటప్పుడు ఇప్పటి అర్థాలు అంటగడితే వాక్యం చెడుతుంది.

పేరును బట్టి మోసపోయే ప్రమాదమూ ఉంది. క్రీ.పూ. 27లో రోమ్ తొలి చక్రవర్తిగా పేరుపడ్డ అగస్టస్ రోమన్ గణతంత్రాన్ని తిరిగి అప్పగిస్తున్నానని ప్రకటించి, పెత్తనం తన దగ్గరే ఉంచుకున్నాడు. నెపోలియన్ 1804లో చక్రవర్తి అయ్యాక కూడా కొన్నేళ్లపాటు నాణేలకు ఒకవైపు ‘చక్రవర్తి నెపోలియన్’ అనీ, రెండోవైపు ‘ఫ్రెంచి గణతంత్రం’ అనీ ఉండేది. 1949 నుంచి 1990 దాకా ఉన్న తూర్పు జర్మనీ అధికారిక నామంలో ప్రజాస్వామ్యం, గణతంత్రం రెండూ ఉన్నాయి, పాలన మాత్రం ఒకే పార్టీది. దేశం పేరు రాసేటప్పుడు ఉన్నది ఉన్నట్టే రాయాలి. వర్ణించేటప్పుడు ఆ పేరే ప్రమాణం కానక్కర్లేదు.

‘గణతంత్ర రాజ్యం’ మీద మీ అభ్యంతరం వ్యుత్పత్తిని బట్టి న్యాయమైనదే. రాజుకు సంబంధించినది రాజ్యం. కౌటిల్యుడు రాజ్యానికి చెప్పిన ఏడంగాలలో మొదటిది స్వామి, అంటే రాజే. ఆ మొదటి స్థానంలో ప్రజల్ని కూర్చోబెట్టిన మాట ప్రజాస్వామ్యం. కానీ రాజ్యం ఇవాళ రాజును వదిలేసి చాలా దూరం వచ్చేసింది. భూభాగం, ప్రజలు, చట్టం, పాలనాయంత్రాంగం అన్నీ కలిసిన శాశ్వత వ్యవస్థకు అది పేరు. కనుక ‘గణతంత్ర రాజ్యం’ నిక్షేపంగా రాయవచ్చు. వద్దనుకుంటే ‘గణతంత్రం’ ఒక్కటీ చాలు. రాజ్యాన్నీ ప్రభుత్వాన్నీ మాత్రం కలిపేయకండి. ఎన్నికల్లో ఓడిపోయేది ప్రభుత్వం, రాజ్యం కాదు.

విశేషణంగా ‘ప్రజాస్వామ్య’, ‘ప్రజాస్వామిక’ రెండూ చెల్లుతాయి. వ్యవస్థను చెప్పేటప్పుడు ప్రజాస్వామ్య దేశం, తీరును చెప్పేటప్పుడు ప్రజాస్వామిక పద్ధతి అంటే నా చెవికి ఇంపుగా ఉంటుంది. ‘ప్రజాస్వామ్యబద్ధంగా’ కూడా మంచి ప్రయోగమే. ‘ప్రజాస్వామ్యికం’ అని అక్కడక్కడా కనిపిస్తోంది, అది వద్దు.