మార్కర్ల సంఖ్య పెంచితే గడ్డ ఏదో తేలిపోతుందా?

మామూలు స్లైడ్‌లో గడ్డ ఏ రకమో తేలనప్పుడు ఒకేసారి 25 మార్కర్లు (కణాల్లో ఫలానా ప్రోటీన్ ఉంటే రంగు పట్టి చూపే పరీక్షలు) వేయిస్తే నిర్ధారణ ఖాయమవుతుందా అని అడిగారు. కాదనే చెబుతాను. ప్యాథాలజిస్టుగా నాకీ అభిప్రాయం స్థిరపడింది ఒక మెడ గ్రంథి బయాప్సీ వల్ల.

రోగికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. మరోచోట ఇచ్చిన నివేదికలో ‘లింఫ్ గ్రంథికి పాకిన కార్సినోమా, మొదలైన చోటు తెలియదు’ అని ఉంది. కార్సినోమా అంటే చర్మం, అవయవాల పొరల కణాల్లో పుట్టే క్యాన్సర్. తెల్ల రక్తకణాల మార్కర్ సీడీ45 నెగెటివ్, కార్సినోమాల్లో తరచుగా కనిపించే ఈఎంఏ పాజిటివ్ అన్నవే అందుకు చూపిన ఆధారాలు. కార్సినోమాలో సాధారణంగా ఉండాల్సిన సైటోకెరాటిన్ కూడా నెగెటివే వచ్చింది గానీ, కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో సరిగా నానలేదన్న మాటతో దాన్ని పక్కన పెట్టేశారు. అంత చిన్న వయసులో ఆ జబ్బు ఎంత అరుదో తెలుసు కనుక నా మనసు ఒప్పుకోలేదు.

ముందు ఆ సీడీ45 స్లైడ్‌నే తెప్పించుకున్నాను. పెద్ద కణాల చుట్టూ ఉన్న మామూలు లింఫోసైట్లకు గోధుమరంగు చక్కగా పట్టింది. అంటే పరీక్ష పనిచేసింది, పెద్ద కణాల్లో మాత్రం ఆ ప్రోటీన్ నిజంగానే కనిపించడం లేదు. అయితే సీడీ45 లేనంత మాత్రాన లింఫోమా (లింఫోసైట్లలో పుట్టే క్యాన్సర్) కాదనుకోవడమే అక్కడ జరిగిన పొరపాటు. అనాప్లాస్టిక్ లార్జ్ సెల్ లింఫోమా అనే రకంలో ఆ మార్కర్ కొన్నిసార్లు కనిపించదు, పైగా ఈఎంఏ తరచుగా పాజిటివ్ వస్తుంది, కణాలు గ్రంథిలోని సైనస్‌లలో (లింఫ్ ద్రవం పారే సందుల్లో) గుంపులుగా చేరి అచ్చం పాకిన కార్సినోమాలాగే భ్రమింపజేస్తాయి. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేసిన మామూలు స్లైడ్‌ను మళ్లీ నిదానంగా వెతికితే ఆ లింఫోమాకు గుర్తయిన గుర్రపు నాడా ఆకారపు కేంద్రకాలున్న కణాలు అక్కడక్కడ దొరికాయి. మైనంలో అమర్చిన బ్లాకులో కణజాలం అప్పటికే అడుగంటింది. అందుకని ఆ లింఫోమాను పట్టిచ్చే మార్కర్లు రెండే అడిగాను: సీడీ30, ఏఎల్‌కే. మొదటిది కణపు పొర మీదా, కేంద్రకం పక్కనుండే గాల్జీ ప్రాంతంలో చుక్కలాగానూ గట్టిగా పట్టింది. రెండోది కేంద్రకంలోనూ కణద్రవ్యంలోనూ కనిపించింది. అంటే ఇది ఏఎల్‌కే పాజిటివ్ లింఫోమా. అది కీమోథెరపీకి బాగా లొంగుతుంది, చాలామందికి పూర్తిగా నయమవుతుంది కూడా. మొదలైన చోటు తెలియని కార్సినోమాకు చేసే చికిత్స వేరు, పెట్టుకోగల ఆశ వేరు.

ఉన్న కాస్త కణజాలాన్నీ మరో పది కెరాటిన్ మార్కర్లకు ఖర్చుచేసి ఉంటే ఈ రెండింటికి మిగిలేది కాదు. మార్కర్లు ఒక్కో జబ్బుకే పరిమితం కావు: టీటీఎఫ్-1 అనేది ఊపిరితిత్తుల అడినోకార్సినోమాలోనూ వస్తుంది, థైరాయిడ్ గడ్డలోనూ వస్తుంది; గాటా3 రొమ్ము గడ్డలోనూ మూత్రాశయపు గడ్డలోనూ వస్తుంది; చర్మపు రంగు కణాల క్యాన్సరైన మెలనోమాలో అప్పుడప్పుడు కెరాటిన్ సైతం పట్టుకుంటుంది. ఏ రెండు జబ్బుల మధ్య సందేహమో తేల్చుకోకుండా వేసిన మార్కర్ పాజిటివ్ వచ్చినా దారి తప్పిస్తుందే తప్ప చూపించదు.

బయాప్సీ పంపేవారి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కణజాలానికి పది రెట్లు ఫార్మలిన్ ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా చిన్న సీసాలో కుక్కి పంపుతారు. రొమ్ము క్యాన్సర్‌లో హార్మోన్ రిసెప్టర్లు చూడాలంటే కణజాలం 6 నుంచి 72 గంటలు ఫార్మలిన్‌లో ఉండాలన్న నియమం ఉంది; ఎప్పుడు వేశారో మాత్రం ఫారంలో రాయరు. వయసు, గడ్డ ఉన్న చోటు, అది పెరిగిన తీరు, స్కాన్‌లో కనిపించినది, ఇవన్నీ రాయవలసిన గడిలో ‘గడ్డ’ అన్న ఒక్క మాట ఉంటుంది. ఆ కుర్రవాడి ఫారంలోనూ అంతే. చికిత్స చేస్తున్న వైద్యుడికి నేనే ఫోన్ చేసి అడిగితే, మూడు నెలలుగా జ్వరం వస్తోందనీ, రాత్రిళ్లు పక్క తడిసేంతగా చెమటలు పడుతున్నాయనీ అప్పుడు చెప్పారు. రెండూ లింఫోమాలో కనిపించే లక్షణాలే.