బీడీఎస్ చదివి ఫోరెన్సిక్‌లోకి వెళ్తానంటే వెళ్లనివ్వొచ్చా?

ప్రశ్న: మాది రాజాం. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీడీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. కాలిపోయిన శవాలను పళ్లను బట్టి గుర్తుపడతారని ఓరల్ పాథాలజీ (నోటి జబ్బుల శాస్త్రం) క్లాసులో విన్న దగ్గర్నుంచి, క్లినిక్ పెట్టను, ఫోరెన్సిక్‌లోకే వెళ్తానంటోంది. అంత మంటలో పళ్లు మాత్రం మిగులుతాయా? ఆ పనికి జీతమిచ్చేవాళ్లు ఉన్నారా?

జవాబు: జీతం సంగతి ముందు చెప్పేస్తాను. ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకునే ఉద్యోగాల్లో ఇది లెక్కకు రాదు. కాలేజీలో పాఠాలు చెబుతూనో, సొంత క్లినిక్ నడుపుకుంటూనో, పోలీసులు పిలిచినప్పుడు నిపుణులుగా వెళ్లే పని. అలాగని కొట్టిపారేయకండి. మీ అమ్మాయికి నచ్చింది పని కాబట్టి, ఆ పనేమిటో మీరూ చూడండి.

అస్థి సంచయనానికి మీరు వెళ్లే ఉంటారు. చల్లారిన చితిలో ఒక ఎముక బొగ్గులా, ఒకటి బూడిద రంగులో, ఇంకొకటి సుద్దముక్కలా తెల్లగా దొరుకుతుంది. చితి ఒకటే, శరీరం ఒకటే, రంగులు మూడు. పళ్లదీ అదే దారి. పైనున్న ఎనామెల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. లోపలి డెంటిన్‌లో ఖనిజం 70 శాతం దాకా ఉంటుంది, తక్కినది కొల్లాజెన్ అనే ప్రొటీన్, నీరు. వేడికి ముందు నీరు పోతుంది. తర్వాత కొల్లాజెన్ మాడి మసవుతుంది. చివరికి ఆ మసి కూడా కాలిపోయి ఖనిజం ఒక్కటే మిగులుతుంది. సుమారుగా చెప్పాలంటే 200 డిగ్రీలు దాటేసరికి పన్ను గోధుమ రంగుకు తిరుగుతుంది. 300-400 మధ్య నల్లబడుతుంది, 600 దాటాక బూడిద, నీలి ఛాయలు వస్తాయి, 800 నుంచి 1000 మధ్య సుద్దలా తెల్లబడుతుంది.

ఈ అంకెలు బట్టీ పట్టి, రంగు చూసి వేడి ఎంతో చెప్పేయడం కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు. ఎంతసేపు కాలింది, గాలి ఎంత అందింది అన్నవి కూడా రంగును మారుస్తాయి. పూరింటి కప్పు భగ్గుమని అంటుకుని తొందరగా అయిపోతుంది. తలుపులు మూసిన గోదాములో గోనె సంచులు గంటల తరబడి రాజుకుంటూ ఉంటాయి. గాలి అందని చోట పన్ను ఎంత వేడెక్కినా నల్లగానే ఉండిపోవచ్చు. అందుకే అనుభవమున్నవాళ్లు రిపోర్టులో ఒక్క అంకె వెయ్యరు, ఇంత నుంచి ఇంత అని రాస్తారు.

పళ్లు మిగులుతాయా అన్నారు. చాలావరకు మిగులుతాయి, కాకపోతే అన్నీ ఒకేలా కాదు. పెదవులు, బుగ్గలు, నాలుక కొంతసేపు తడి గుడ్డలా అడ్డుపడతాయి. కండరాలు ముడుచుకుని పెదవులు వెనక్కి పోగానే ముందు పళ్లకు మంట నేరుగా తగులుతుంది. బుగ్గల చాటున ఉన్న దవడ పళ్లు అప్పటికింకా బాగానే ఉంటాయి. వేర్లు ఎముకలో ఉంటాయి కనుక మరీ భద్రం. వేడికి డెంటిన్ కుంచించుకుపోతుంది, ఎనామెల్ అంతగా కుంచించుకోదు. దాంతో ఎనామెల్ టోపీలా ఊడి వస్తుంది, లేదా పన్ను చిగురు దగ్గరి మెడ భాగంలో విరుగుతుంది. ఇక్కడొక విచిత్రం ఉంది. పిల్లల దవడలో ఇంకా బయటికి రాని పళ్లు, వచ్చిన పళ్లకంటే చెక్కుచెదరకుండా దొరుకుతుంటాయి. వయసు అంచనాకు అవే ఆధారం.

వైద్యం చేయించుకున్న పళ్లయితే ఇంకా మాట్లాడతాయి. వెండి సిమెంటు అని మనవాళ్లనే అమాల్గంలో పాదరసం ఆవిరై పోతుంది, పైన పొక్కుల్లా లేస్తాయి. అయినా గుంత ఆకారం చాలాసార్లు దానిలో మిగిలే ఉంటుంది. తెల్ల ఫిల్లింగు రంగు మారిపోయి పన్నులో కలిసిపోతుంది కనుక కంటికి దొరకడం కష్టం. యాక్రిలిక్ కట్టుడు పళ్ల సెట్టు ముందే కాలిపోతుంది. పింగాణీ క్యాపు మంటకు బాగా తట్టుకుంటుంది. మేలిమి బంగారం 1064 డిగ్రీలకు కరుగుతుంది, ఇంప్లాంటులోని టైటానియానికి 1668 కావాలి.

అసలు నైపుణ్యం మాత్రం ముట్టుకోవడంలో ఉంది. తెల్లగా కాలిన పన్ను వేలితో నొక్కితే పొడైపోతుంది. వేడిగా ఉండగానే ఫైరింజను నీళ్లు పడితే పగుళ్లు ఇంకా పెరుగుతాయి. ఆ తర్వాత కంగారులో శవాన్ని భుజాలు పట్టి ఎత్తితే తల ఊగి, ముందు పళ్లు బూడిదలో రాలిపోతాయి. అందుకని కదిలించకముందే ఫొటోలు తీయాలి. తలకు ప్లాస్టిక్ సంచి తొడిగి కట్టాలి. తల కింది బూడిదనంతా విడిగా ఎత్తి సన్నని జల్లెడ పట్టాలి. మార్చురీలో నోరు బలవంతంగా తెరవకూడదు. పెళుసైన పళ్ల మీద పలుచని సయనోయాక్రిలేట్ జిగురు చుక్కలుగా వేసో, పారదర్శక యాక్రిలిక్ స్ప్రే దూరం నుంచి కొట్టో గట్టిపరచి, అప్పుడు ఎక్స్‌రే తీయాలి. డీఎన్‌ఏకు పంపదలచిన దవడ పన్నును మాత్రం జిగురు వెయ్యకముందే పక్కన పెట్టుకోవాలి. బాగా తెల్లబడిన దానిలో డీఎన్‌ఏ మీద పెద్దగా ఆశ ఉండదు, కాబట్టి తక్కువ కాలినది ఎంచుకోవాలి.

ఇంత చేసినా పోల్చడానికి పాత రికార్డు ఉండాలి కదా! మన దగ్గర బండి ఆగేది ఇక్కడే. 1897 మే 4న పారిస్‌లో ధర్మకార్యం కోసం పెట్టిన బజారు కాలి 126 మంది చనిపోయినప్పుడు, అలాన్‌సాన్ డచెస్ అనే రాజవంశపు మహిళను ఆమె దంతవైద్యుడి సాయంతోనే గుర్తుపట్టారు. మన జిల్లాల్లో ఒకే మనిషి పలాసలో పన్ను పీకించుకుంటాడు, శ్రీకాకుళంలో రూట్ కెనాల్ చేయించుకుంటాడు, విశాఖలో క్యాపు వేయించుకుంటాడు. ఎక్స్‌రే ఏ ఫోన్లోనో ఉండి, ఆ ఫోనూ మనిషితోనే కాలిపోతుంది. 2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది చనిపోతే, మృతులను గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయించాల్సి వచ్చింది. ఇంటర్‌పోల్ పద్ధతిలో వేలిముద్రలు, పళ్లు, డీఎన్‌ఏ మూడూ సమానమైన ప్రధాన ఆధారాలే. మన దగ్గర మధ్యదానికి రికార్డు ఉండదు, అంతే తేడా.

ఇక దారి. బీడీఎస్ వదిలి ఎక్కడికీ పోనవసరం లేదు, అది ఉంటేనే ఈ పని. తర్వాత రెండు మార్గాలు. ఒకటి, నీట్ ఎండీఎస్ రాసి ఓరల్ పాథాలజీలో మూడేళ్ల పీజీ. ఫోరెన్సిక్ పాఠం ఉండేది ఆ విభాగంలోనే, అధ్యాపక ఉద్యోగమూ అక్కడే. రెండోది, గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో బీడీఎస్ చేసినవాళ్ల కోసమున్న ఫోరెన్సిక్ ఒడాంటాలజీ (పళ్ల ఆధారంగా చేసే ఫోరెన్సిక్ పని) ఎమ్మెస్సీ. నన్నడిగితే మొదటిదే మేలు. చేతిలో బోధన ఉద్యోగం ఉంటే, ఏడాదికి ఒక్క కేసు వచ్చినా ఇల్లు గడుస్తుంది. ఎమ్మెస్సీ ఒక్కటే నమ్ముకుని ల్యాబ్ పోస్టు కోసం కూర్చుంటే మాత్రం కష్టం. ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ విభాగాలకు ఉన్నన్ని పోస్టులు పళ్లకు ఉండవు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ అనే కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం ప్రకారం, ఏడేళ్లు అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. దానివల్ల పిలుపులు పెరగొచ్చు కానీ, దాన్ని చూసి అప్పు చేసి ఫీజు కట్టకండి.

పాపది నిజమైన ఇష్టమా, క్లాసు వేడిలో పుట్టిన ముచ్చటా అన్నది ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. ఐసీఎంఆర్ వారి స్వల్పకాలిక పరిశోధన పథకానికి బీడీఎస్ విద్యార్థులూ దరఖాస్తు చేసుకోవచ్చు. గైడు ఒప్పుకుని, ఎథిక్స్ కమిటీ అనుమతి వస్తే, ఓరల్ సర్జరీలో పీకిన పళ్లు ముప్పై పోగుచేసుకోమనండి. కట్టుడు పళ్లు, క్యాపులు చేసే ప్రోస్థో ల్యాబులో మైనం కాల్చే బర్నౌట్ ఫర్నేస్ ఉంటుంది. పళ్లను ఆరేసిగా విడదీసి, ముందు తూకం, ఫొటో, ఎక్స్‌రే తీసుకుని 200, 400, 600, 800, 1000 డిగ్రీల్లో పదిహేను నిమిషాల చొప్పున పెట్టాలి. 1000 దాకా వెళ్లే ఫర్నేసో కాదో ముందే అడగాలి. నంబరు కాగితం మీద రాస్తే కాలిపోతుంది కనుక పన్ను పెట్టే పింగాణీ మూస మీద వేయాలి. అయిపోగానే తలుపు తీసెయ్యకుండా లోపలే చల్లారనివ్వాలి. లేకపోతే పగులు మంటవల్ల వచ్చిందో, చల్లగాలికి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. తీసేటప్పుడు పట్టుకారు వాడకుండా మూసతో సహా తీయాలి. అమాల్గం నింపిన పన్ను మాత్రం ఒక్కటి కూడా అందులో పెట్టనివ్వకండి, ఆ గదిలో పాదరసం ఆవిరి పీల్చేది మీ పాపే.