సగం గ్లాసు టీ

చిరంజీవి చిన్నాకు,

మొన్న రాత్రి ఫోన్ చేసి "బాబాయ్, ఆ ఏఏ మీటింగులకి ఎలా వెళ్ళాలి?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే "మా ఫ్రెండ్ కోసం" అన్నావు. ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు కలిసి కూర్చుని తమ సంగతులు చెప్పుకునే గుంపు. సరే, మీ ఫ్రెండ్‌కే రాస్తున్నాను, చదివి చెప్పు. పద్దెనిమిదేళ్ళ కిందట నేను కూడా ఒక డాక్టర్‌ని మా తమ్ముడి కోసం అడిగాను. నాకు తమ్ముడు లేడని నీకు తెలుసు కదా.

ముందు ఒక సంగతి. మీ ఫ్రెండ్ రోజూ తాగుతుంటే, పొద్దున లేవగానే చేతులు వణుకుతుంటే, మీటింగ్ కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. రోజూ అలవాటైన ఒళ్ళు ఒక్కసారిగా మానేస్తే తిరగబడుతుంది. నేను "మగాణ్ణి, మానేస్తానంటే మానేస్తా" అని ఇంట్లో మంచమెక్కితే రెండోరోజు రాత్రి ఫిట్స్ వచ్చాయి. మూడోరోజు గోడ నిండా చీమలు పాకుతున్నాయని, చీపురు తెమ్మని మీ పిన్ని మీద అరిచానట. ఆ ఇంట్లో ఒక్క చీమ కూడా లేదు. ఆ దశలో ప్రాణాలే పోవచ్చు. నాలుగైదు రోజులు మందులతో దించితే పోయేదానికి నేను అంతదాకా తెచ్చుకున్నాను. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు వినగానే ముఖం చిట్లించకు, అక్కడికి వచ్చేవాళ్ళలో మనబోటివాళ్ళూ ఉంటారు. ఎవరితోనన్నా మాట్లాడితే చాలనిపిస్తే 14416కి చేయమను. అది టెలి మానస్, తెలుగులోనే మాట్లాడతారు. మత్తు అలవాట్ల కోసమే ఉన్న నంబరు 14446. రెండూ ఉచితమే.

ఇంకోటి, మీ ఫ్రెండ్‌కి తెలియకుండా ఎవరూ అన్నంలో పొడులూ చుక్కలూ కలపకూడదు. మీ పిన్ని ఎక్కడో ప్రకటన చూసి ఒక పొడి తెప్పించి పప్పులో కలిపింది. ఆ సాయంత్రం నేను మామూలుగా క్వార్టర్ వేసుకొచ్చాను. ముఖం కందగడ్డలా అయ్యి, గుండె దడదడలాడి ఆస్పత్రిపాలయ్యాను. తాగితే ఒంటికి పడకుండా చేసే మందులు డాక్టర్ల దగ్గర నిజంగానే ఉన్నాయి, కానీ వేసుకునేవాడికి తెలిసే వేసుకోవాలి.

ఇక అసలు విషయం. నువ్వు ఫోన్‌లో ఒక మాట అన్నావు. "మాల వేసుకున్న నలభై ఒక్క రోజులూ ముట్టలేదు బాబాయ్, అంటే వాడికి కంట్రోల్ ఉన్నట్టేగా" అని. నేనూ అయ్యప్ప మాల వేశాను, ఒకసారి కాదు, అయిదుసార్లు. అయిదుసార్లూ దీక్షలో చుక్క ముట్టలేదు. అయిదుసార్లూ మాల తీసిన వారంలోపే మళ్ళీ పర్మిట్ రూమ్‌లో ఉన్నాను. అప్పుడు దాన్ని నా గుండె నిబ్బరం అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ నలభై ఒక్క రోజులూ నేను ఒంటరిగా లేను. తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకునేటప్పుడు పక్కన నలుగురు స్వాములు ఉండేవాళ్ళు. భిక్ష కలిసి తినేవాళ్ళం, సాయంత్రం కలిసి భజన చేసేవాళ్ళం. తాగే టైముకి నేను ఎక్కడున్నానో పదిమందికి తెలిసేది. మాల తీశాక ఎవరి దారి వాళ్ళది. మీటింగ్ అంటే నా లెక్కలో ఆ స్వాముల గుంపే, కాకపోతే ఇక్కడ మాల తీసే రోజు లేదు. గమనించావో లేదో, చాలా మీటింగులు సాయంత్రం ఆరున్నర, ఏడుకే పెడతారు. సరిగ్గా మన టైముకే.

వెతకడం పెద్ద కష్టం కాదు. ఏఏ మన దేశంలోకి 1957లోనే వచ్చింది. వాళ్ళ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరు కొడితే గ్రూపులు, వారాలు, టైములు వస్తాయి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. ఆ జాబితా చూసి నేరుగా బండెక్కకు, ముందు ఫోన్ చెయ్. గదులు మారుతుంటాయి, టైములు మారుతుంటాయి. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ గదిలో టైలరింగ్ క్లాసు జరుగుతోంది. "నా రాత ఇంతే" అని తృప్తిగా వెనక్కి తిరిగి ఎటు వెళ్ళానో వేరే చెప్పాలా? ఫోన్ ఎత్తేవాడు కూడా ఒకప్పుడు మనలాంటివాడే, కాబట్టి ఏం చెప్పాలా అని టెన్షన్ పడక్కర్లేదు. "కొత్తవాణ్ణి, రావాలనుకుంటున్నా" అంటే చాలు. తెలుగు గ్రూపు కావాలని అడుగు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు, హిందీ గ్రూపులూ ఉన్నాయిగానీ ఏడుపొచ్చినప్పుడు అమ్మ భాషలో వస్తేనే మంచిది. ఓపెన్ మీటింగ్ అయితే ఇంట్లోవాళ్ళూ రావచ్చు, క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్ళే. ఫోన్‌లో చూసుకునే ఆన్‌లైన్ మీటింగులూ ఉన్నాయి. ఏమీ లేకపోవడం కంటే అవి నయం. కానీ కెమెరా ఆఫ్ చేసి వింటూ పక్కన గ్లాసు పెట్టుకున్నవాణ్ణి నేను ఎరుగుదును. కాబట్టి మొదట్లో గదికే వెళ్ళమను.

గది చర్చి ఆవరణలోనో స్కూల్లోనో ఉంటే కంగారుపడొద్దు. అద్దె తక్కువని అక్కడ తీసుకుంటారు, అంతే. మతం మార్చరు. దేవుడి మాట వస్తుంది, మానడానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలోనే ఉంది, "ఎవరికి అర్థమైన రీతిలో వాళ్ళ దేవుడు" అని. నా పక్కన కూర్చునే ఆయన పక్కా నాస్తికుడు. ఈ గుంపే నా దేవుడు అంటాడు. ఎవరూ ఏమీ అనరు. చేరడానికి ఫీజు లేదు, సంతకం లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటుంటే చాలు. చివర్లో డబ్బుల బుట్ట తిరుగుతుంది, అది గది అద్దెకీ టీకీ. కొత్తవాడు వెయ్యక్కర్లేదు.

నేను రెండోసారి వెళ్ళిన రోజు చెబుతాను. గేటు ముందు నుంచి మూడుసార్లు నడిచిపోయాను. ఎదురుగా కిళ్ళీకొట్టు దగ్గర నిలబడి అవసరం లేని అగ్గిపెట్టె కొన్నాను. లోపలికి వెళ్ళేవాళ్ళలో తెలిసినవాళ్ళు ఉంటారేమోనని ఒక్కొక్కరి ముఖమే చూస్తున్నా. ఉన్నారు కూడా. మా వీధి చివర ఇంటాయన. ఆయన నన్ను చూసి దాక్కోలేదు, "ఏం, మీరూనా?" అని వెటకారం చెయ్యలేదు. "మీటింగ్‌కేనా, రండి" అన్నాడు, పెళ్ళింటి గుమ్మంలో పిలిచినట్టు. అక్కడ నిన్ను చూసేవాడు కూడా దానికే వచ్చి ఉంటాడు. మా వాడెవడో చూస్తాడన్న భయం నాకు ఆ పూటతోనే పోయింది. అక్కడ విన్నది అక్కడే వదలాలని వాళ్ళ నియమం. ఇన్నేళ్ళలో మా వీధిలో నా సంగతి ఆయన నోటి నుంచి బయటికి పొక్కలేదు.

లోపల ఫ్లాస్కులో టీ. నా చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. టీ పోసే పెద్దాయన నా ముఖం చూడలేదు, చేతులు చూశాడు. స్టీలు గ్లాసులో సగమే పోశాడు. చేతికివ్వకుండా నా పక్కన బెంచీ మీద పెట్టి, అటు తిరిగి ఇంకొకరితో మాట్లాడసాగాడు. నిండా పోస్తే ఒలికేది, ఒలికితే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఆ రోజు అక్కడ చదివిన మాటలు ఒక్కటీ గుర్తులేవు. ఆ సగం గ్లాసు గుర్తుంది.

మీటింగ్‌లో జరిగేది చాలా మామూలుగా ఉంటుంది. గంట, గంటన్నర. మొదట ఏవో చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ పేరు చెప్పి "నేను ఆల్కహాలిక్‌ని" అని తన సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డుపడరు, సలహాలివ్వరు. నీ వంతు వస్తే "ఈరోజు వింటాను" అంటే సరిపోతుంది. నేను మూడువారాలు అదే అన్నాను. కొన్నిచోట్ల విసుగు కూడా వస్తుంది. ఒకాయన ప్రతివారం అదే కథ, అవే కన్నీళ్ళు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోదానికి వెళ్ళు. నాలుగైదు చోట్ల కూర్చోకుండా "నాకు పడదు" అనొద్దు. సైన్సు ఏమంటోందని నువ్వు ఎలాగూ అడుగుతావు. 2020లో కోక్రేన్ అని వైద్య పరిశోధనలన్నీ జల్లెడపట్టే సంస్థవాళ్ళు 27 అధ్యయనాలు, పదివేలమందికి పైగా మనుషుల లెక్కలు దగ్గరపెట్టి చూశారు. పూర్తిగా మానేసి ఉండటంలో ఈ దారి మిగతా చికిత్సలకు తీసిపోలేదనీ, కొన్నిచోట్ల మెరుగనీ తేల్చారు. వెతికి చదువుకో.

నా మట్టుకు నేను నమ్మేది ఒకటే. మందు మాన్పించేది ఆ గంటన్నర కాదు, దానికి అటూ ఇటూ ఉన్న పావుగంటలు. అందుకే పావుగంట ముందు వెళ్ళమంటాను. కుర్చీలు వెయ్యి, గ్లాసులు కడుగు. అయిపోగానే బండి తియ్యకు, నిలబడు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకునేది అప్పుడే. అసలు ఏఏ పుట్టిందే అలా. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ ఆయన అక్రాన్ అనే ఊళ్ళో వ్యాపారం చెడి, హోటల్ లాబీలో నిలబడ్డాడు. ఒకపక్క బార్, ఒకపక్క టెలిఫోన్. టెలిఫోన్ వైపు వెళ్ళి, తనలాంటి తాగుబోతు ఎవరన్నా ఈ ఊళ్ళో ఉన్నారా అని వెతికాడు. దొరికినాయన బాబ్ స్మిత్, సర్జన్. పదిహేను నిమిషాలే కూర్చుంటానని వచ్చిన ఆ డాక్టర్ రాత్రి పొద్దుపోయేదాకా లేవలేదు. ఆయన ఆఖరి గ్లాసు ఆ ఏడాది జూన్ 10న. ఆ తేదీనే ఏఏ పుట్టినరోజు అంటారు.

కాబట్టి నంబర్లు తీసుకోవడమే కాదు, చెయ్యాలి. తాగాలనిపించినప్పుడు కాదు, అంతకు ముందే. ఊరికే "ఏం చేస్తున్నారు" అని రోజూ చేస్తే ఆ పూట చెయ్యడానికి వేలు వణకదు. కొన్నాళ్ళకి ఒకరిని స్పాన్సర్‌గా, అంటే నీకంటే ముందు మానేసి నీకు తోడుండే మనిషిగా ఉండమని అడగాలి. మాట తీరు చూసి కాదు, రాత్రి తొమ్మిదికి ఫోన్ ఎత్తుతాడా అని చూసి ఎంచుకో. మగాళ్ళు మగాళ్ళనే, ఆడవాళ్ళు ఆడవాళ్ళనే అడగడం ఆనవాయితీ. అప్పులు ఇవ్వకు, అడక్కు. ఎవడన్నా "ఆ డాక్టర్ మందు బిళ్ళలు ఆపెయ్, మీటింగ్ చాలు" అంటే నమస్కారం పెట్టి పక్కకు రా. అది వాడి సొంత కవిత్వం.

పిల్ల తల మీద ఒట్టు వేయించుకోవద్దని మా కోడలమ్మాయికి చెప్పు. మీ పిన్ని కోసం నేను వేసిన ఒట్లు అన్నీ కలిపితే మా చెల్లెమ్మల పిల్లలందరి తలలూ చాలవు. అక్కడ ఎవరూ జీవితాంతం అనరు, ఈ ఒక్కరోజు అంటారు. మధ్యలో జారితే మరుసటి రోజు వెళ్ళి కూర్చోవడమే, లెక్క మళ్ళీ ఒకటి నుంచి. నేను మొదటి ఏడాదిలో రెండుసార్లు జారాను. టీ పోసే పెద్దాయన ఏమీ అడగలేదు. ఇంట్లోవాళ్ళకి వేరే గుంపు ఉంది, అల్-అనాన్ అంటారు, 1951 నుంచి ఉంది. నువ్వు మానినా మానకపోయినా అమ్మాయి వెళ్ళొచ్చు. మీ పిన్ని నాకంటే ముందే కుదుటపడింది అక్కడే.

వచ్చే శనివారం మా గ్రూపుది ఓపెన్ మీటింగ్, ఆరున్నరకి. గేటు ఎదురుగా కొబ్బరిబోండాల బండి ఉంటుంది, ఆరుంబావుకి అక్కడ నిలబడతాను. మీ ఫ్రెండ్‌ని తీసుకురా. వాడికి కుదరకపోతే నువ్వొక్కడివే రా. టీ ఇప్పుడు నేనే పోస్తున్నాను.

ఆశీస్సులతో,
బాబాయి