కొలిస్టిన్ పొడి ఈరోజే ఆపండి

సందేహం: మా దగ్గర 350 నాటు కోళ్లు ఉన్నాయి. మూడు నెలల వయసు. పది రోజులుగా ఆకుపచ్చగా పారుతూ, మెడ మెలితిప్పుకుంటూ రోజుకు ఐదారు చస్తున్నాయి. బ్యాక్టీరియా రోగమని మందుల షాపాయన చెబితే ఎన్రోఫ్లాక్సాసిన్ ఐదు రోజులు నీళ్లలో కలిపాం. తగ్గకపోతే కొలిస్టిన్ పొడి ఇచ్చాడు. డోసు రెట్టింపు చేయమంటారా? బోనాలకు అమ్ముకోవాలి. వారం పిల్లలప్పుడు ఒకసారి కంట్లో చుక్కమందు వేయించాం.
– ఒక రైతు, కల్వకుర్తి ప్రాంతం

జవాబు: రెట్టింపు మాట పక్కన పెట్టండి, చిటికెడు కూడా వేయొద్దు. మీరు రాసిన లక్షణాలు కొక్కెర తెగులువి (రాణిఖెట్). అది వైరస్, ఏ యాంటీబయాటిక్‌కూ లొంగదు. వారం వయసులో వేసిన ఒక్క చుక్క బలం ఎప్పుడో అయిపోయింది. 28వ రోజు మళ్లీ లసోటా (కొక్కెర తెగులుకు వేసే చుక్కమందు టీకా) వేసి, 8 వారాలకు ఆర్2బి టీకా అర మిల్లీలీటరు రెక్క దగ్గర చర్మం కింద ఇవ్వాల్సింది. మీ నష్టమంతా అక్కడే మొదలైంది.

అయితే బర్డ్ ఫ్లూలోనూ ఇలాగే చస్తాయి. 2025 మొదట్లో ఉమ్మడి నల్గొండలో కూడా అది బయటపడింది. కాబట్టి ఈరోజే పశువైద్యాధికారికి చెప్పండి. చచ్చిన కోడిని మీరు కోసి చూడొద్దు, వండుకోవద్దు. పరీక్ష అయ్యాక మిగతా చచ్చిన కోళ్లను లోతైన గుంతలో సున్నం చల్లి పూడ్చండి. కొక్కెర తెగులే అని తేలితే బాగున్న కోళ్లకు డాక్టర్ సలహాతో లసోటా కంట్లో ఒక్కో చుక్క వేయించండి. ఆర్2బి ఇప్పుడు వద్దు, రోగం లోపల ఉన్న కోడి దానికి తట్టుకోలేదు. తాగే నీటికి 100 లీటర్లకు 1 గ్రాము బ్లీచింగ్ పౌడర్ కలిపి, అరగంట ఆగి పెట్టండి.

ఇక ఆ పొడి సంగతి. మనుషుల ఆస్పత్రుల్లో ఏ మందూ పనిచేయనప్పుడు చివరిగా వాడే మందు కొలిస్టిన్. అందుకే కోళ్లకు, పశువులకు, చేపలకు దాన్ని తయారు చేయడం, అమ్మడం 2019 జులైలోనే కేంద్రం నిషేధించింది. షాపాయన మీకు రోగమూ తప్పు చెప్పాడు, అమ్మకూడని మందూ అంటగట్టాడు.

మందు ఆపి పది రోజులు ఆగితే మాంసంలో మందు అవశేషాలు పోతాయని చాలామంది ధీమాగా ఉంటారు. ఎన్రోఫ్లాక్సాసిన్‌కు ఆ గడువు పాటించాల్సిందే. కానీ అవశేషం వేరు, మొండి బ్యాక్టీరియా వేరు. మీ కోళ్ల పేగుల్లోని ఈ-కోలై, సాల్మొనెల్లాలో మందుకు చావనివి మిగిలి పెరుగుతాయి, ఆ గుణాన్ని పక్క బ్యాక్టీరియాకూ అందిస్తాయి. గడువు దాటినా అవి పేగుల్లోనే ఉండొచ్చు. ఆదివారం చికెన్ షాపు దగ్గర నిలబడి చూడండి. అన్ని కోళ్లనూ ఒకే వేడినీళ్ల డ్రమ్ములో ముంచుతారు, ఒకే యంత్రంలో ఈకలు పీకుతారు, ఒకే మొద్దు మీద కొడతారు. ఒక్క పేగు చిట్లితే మొద్దంతా అంటుకుంటుంది. ఇంట్లో అదే కత్తితో ఉల్లిగడ్డ, కొత్తిమీర కోస్తాం. కూర లోపలిదాకా ఉడికితే (74 డిగ్రీలు) మొండి బ్యాక్టీరియా కూడా చస్తుంది. పచ్చి ఉల్లిగడ్డ మీద చేరింది చావదు. దానితో పిల్లలకు విరేచనాలు పట్టుకుని, రోగం రక్తంలోకి పోతే మామూలు ఇంజెక్షన్లు పనిచేయకపోవచ్చు. చివరికి డాక్టర్ కొలిస్టిన్ తీస్తే, అదీ పనిచేయకుండా మనమే చేసి ఉంటాం. నాకు భయం ఇదే.

కోళ్లను ముట్టుకునేది ముందు మీ ఇంటివాళ్లే కాబట్టి షెడ్డు నుంచి వచ్చాక సబ్బుతో చేతులు కడగండి. పచ్చి మాంసానికి కత్తి, పీట వేరుగా పెట్టుకోండి. చికెన్‌ను నల్లా కింద కడిగితే ఆ తుంపరలు చుట్టుపక్కల గిన్నెల మీద పడతాయి, ఆ అలవాటూ మానాలి.

రోగం తేలేదాకా బోనాలకు ఒక్క కోడినీ అమ్మకండి, చుట్టాలకూ ఇవ్వకండి. తర్వాతి బ్యాచ్‌లో నిజంగా బ్యాక్టీరియా రోగమే వస్తే ముందు ల్యాబ్‌లో ఏ మందు పనిచేస్తుందో పరీక్ష చేయించి, అదే, చెప్పినన్ని రోజులే వాడండి. మిగిలిన కొలిస్టిన్ ప్యాకెట్‌ను పారేయకుండా బిల్లుతో సహా పశువైద్యాధికారికి అప్పగించండి.