కుక్కపిల్లకు టీకా వేయించినా చనిపోయింది, ఎందుకు?

ప్రశ్న: మాకు గొర్రెల మంద ఉంది. కాపలా కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. వాటికి ఇప్పుడు 45 రోజులు. పోయినసారి ఒక పిల్లకు టీకా వేయించినా వాంతులు, నెత్తుటి విరేచనాలతో చనిపోయింది. మళ్లీ డబ్బు పెట్టాలా? ఇంట్లో పిల్లికీ టీకాలు కావాలా?
– ఒక రైతు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: తప్పకుండా వేయించండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ పిల్లకు పార్వో జబ్బు సోకి ఉంటుంది. ఒక్క టీకాతో ఆపేయడం వల్లే చాలా పిల్లలు ఇలా పోతున్నాయి. పుట్టగానే తాగిన జున్నుపాలతో తల్లి నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతకాలం టీకా మందును పట్టనివ్వదు. ఎప్పుడు తగ్గిపోతుందో ఒక్కో పిల్లలో ఒక్కో తీరు. తల్లి రక్షణ తగ్గి, టీకా రక్షణ ఇంకా రాని రోజుల్లోనే పార్వో దెబ్బ తీస్తుంది. అందుకే 6–8 వారాల వయసులో మొదలుపెట్టి, 3–4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేయించాలి. మీ పిల్లలకు ఇదే సరైన సమయం, ఈ వారమే తీసుకెళ్లండి. నులిపురుగుల మందు కూడా అడిగి పట్టించండి.

పార్వో క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. పోయినసారి పిల్లను కట్టేసిన చోట వీటిని ఉంచకండి. గచ్చు అయితే బ్లీచింగ్ నీళ్లతో కడగండి. మందుల షాపులో టీకా కొంటే ఐసు పెట్టి తెచ్చుకోండి. వేడి తగిలితే అది పనికిరాదు.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. తల్లికి వేయించారా? మీరు రాయలేదు. దానికీ అవసరమే. ఏటా జూలై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. అయితే ఆ రోజు కోసమని పిల్లలకు ఆలస్యం చేయకండి.

పిల్లికీ రేబిస్ వస్తుంది, దాని కాటుతో మనకూ వస్తుంది. రేబిస్ టీకాతో పాటు పిల్లుల పార్వోకు, జలుబు జబ్బులకు కలిపి వేసే టీకా ఉంది. పెద్ద పిల్లికి నెల తేడాతో రెండుసార్లు వేయిస్తారు.

కుక్క గానీ పిల్లి గానీ కరిస్తే, టీకా వేసినదైనా సరే, పుండును ధారగా పారే నీటితో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. పసరు, కారం, సున్నం పెట్టకండి. మీ మందలో గొర్రెను కరిచినా ఊరుకోవద్దు. కాటు తర్వాత వేసే టీకాలు పశువులకూ ఉన్నాయి. మొదటి డోసు కరిచిన రోజే పడాలి.