కొత్త వాటర్ పంప్ ఐదు నెలలకే కారితే

ప్రశ్న: మా డీజిల్ ట్రక్కుకు ఐదు నెలల కిందట వాటర్ పంప్ మార్పించాం. ఇప్పుడు పంప్ అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి చుక్కలు పడుతున్నాయి. థర్మోస్టాట్ హౌసింగ్ అంచున పచ్చటి పొడి పేరుకుంది. రెండూ కలిపి మార్చేద్దామనుకుంటున్నాం. థర్మోస్టాట్ పీకేస్తే వేడి గొడవే ఉండదని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు: కాదు. చాలా డీజిల్ ఇంజన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. వేడెక్కగానే రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో బైపాస్ దారి మూస్తుంది. దాన్ని పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేడినీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజన్లో తిరుగుతుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు గేజ్ పైకి పోతుంది. లోడు లేనప్పుడేమో ఇంజన్ సరిగా వేడెక్కదు. డీజిల్ పూర్తిగా మండక ఆయిల్లో కలుస్తుంది.

ఇక పంప్ సంగతి. ఆ రంధ్రం నీళ్లను ఆపే సీల్‌కీ బేరింగ్‌కీ మధ్యన, కారిన నీళ్లు బయటపడేందుకు కావాలనే పెట్టింది. కొత్త పంప్ బిగించిన మొదట్లో ఒకటి రెండు చుక్కలు వస్తే సీల్ కుదురుకుంటోందనుకోవచ్చు. ఐదు నెలల తర్వాత కారుతోందంటే సీల్ పోయినట్టే. ఏదో ఒకటి కుక్కి రంధ్రం మూయకండి. మూస్తే నీళ్లు బేరింగ్‌లోకి పోయి గ్రీజును కడిగేస్తాయి. బేరింగ్ విరిగిన రోజున ఫ్యాన్ వెళ్లి రేడియేటర్‌లో దిగుతుంది.

సీల్ ఇంత త్వరగా పోవడానికి మాకు కనిపించే కారణాలు మూడు. ఒకటి, కూలెంట్ (ఇంజన్ను చల్లబరిచే ద్రవం) నిండకముందే ఇంజన్ స్టార్ట్ చేయడం. సీల్ ముఖాలను చల్లగా ఉంచేది ఆ నీళ్లే, పొడిగా తిరిగితే కాసేపట్లోనే కాలిపోతాయి. రెండు, ఉత్త నీళ్లు పోయడం. తుప్పు రేణువులు సీల్‌ను గీరేస్తాయి. మూడు, బెల్టు మరీ బిగించడం, లేదా ఫ్యాన్ ఊగడం. విప్పేముందు బెల్టు వదులు చేసి, ఫ్యాన్ అంచు పట్టుకుని ముందుకీ వెనక్కీ కదపండి. టకటకమంటే బేరింగ్ కూడా పోయినట్టే. అలాంటప్పుడు ఫ్యాన్ రెక్కలకు పగుళ్లున్నాయేమో చూడకుండా కొత్త పంప్ తొడగకండి.

ఇంజన్ పూర్తిగా చల్లారాకే రేడియేటర్ మూత తీయాలి. కూలెంట్‌ను బకెట్లోకి పట్టండి, నేల మీద వదలొద్దు. అందులో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చస్తాయి. పంప్ బోల్టులు అన్నీ ఒకే పొడవుండవు. ఒక అట్టముక్క మీద పంప్ ఆకారం గీసి, తీసిన ప్రతి బోల్టునూ దాని చోటే గుచ్చండి. పొట్టి బోల్టు చోట పొడుగుది పెడితే మొన రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ టక్కుమంటుంది, పంప్ మాత్రం బిగిసి ఉండదు.

హౌసింగ్ బోల్టు మొరాయిస్తే బలవంతంగా తిప్పొద్దు. తుప్పు వదిలించే నూనె వేసి, కాసేపాగి, ముందు కొంచెం బిగించి ఆ తర్వాత వదులు చేయండి. పాత గ్యాస్కెట్ (అతుకు మధ్య కారకుండా పెట్టే పల్చటి పొర) గీకేటప్పుడు రంధ్రాల్లో గుడ్డ కుక్కి, ప్లాస్టిక్ గీకుడు పట్టీ వాడండి. గ్రైండర్ తిప్పితే అల్యూమినియం గుంటపడుతుంది, ఎమెరీ రజను ఇంజన్లోకి పోతుంది. మీ పచ్చపొడి అక్కడ కారి ఎండిన కూలెంటే. హౌసింగ్ ముఖం మీద స్టీలు స్కేలు నిలువుగా ఆనించి చూడండి. కింద వెలుతురు కనిపిస్తే వంకర పోయింది, కొత్తది కొనండి. సిలికాన్ మందంగా పూసి సర్దుకుంటే లోపలికి పిండుకున్న ముక్కలు ఊడి రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటాయి. రబ్బరు రింగు ఉన్నచోట సిలికాన్ అసలే వద్దు.

థర్మోస్టాట్ స్ప్రింగు, మైనం గుండీ ఉన్న వైపు ఇంజన్ లోపలికి ఉండాలి. చిన్న పిన్ను ఊగే రంధ్రం ఉంటే అది పైకి రావాలి, గాలి బయటపడేది అక్కడినుంచే. అంచు గాడిలో సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. పక్కకు జరిగిన థర్మోస్టాట్ మీద బోల్టు బిగిస్తే హౌసింగ్ చెవి విరుగుతుంది. టార్క్ లెక్క మాన్యువల్‌లో చూడండి. అల్యూమినియంలోకి దిగే 8 మి.మీ. బోల్టుకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు చాలు. ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి.

కూలెంట్, మినరల్స్ తీసిన నీళ్లు సగం సగం. సిలిండర్ లైనర్ల బయటి గోడకు కూలెంట్ నేరుగా తగిలే తడి లైనర్ల ఇంజనైతే డీజిల్‌కు తగిన కూలెంటే వాడాలి. లైనర్ అదిరినప్పుడల్లా దాని బయటి గోడ మీద బుడగలు పుట్టి పగులుతుంటాయి. కూలెంట్‌లో రక్షణ మందు లేకపోతే అవి ఇనుమును తొలిచి సూదిబెజ్జాలు చేస్తాయి.

ప్రశ్న: పంప్ మార్చాక గేజ్ ఎక్కుతుంది, దిగుతుంది. హీటర్ చల్లగాలి ఊదుతోంది. పంప్ పనిచేయడం లేదా?

జవాబు: ముందు గాలి ఇరుక్కుందేమో చూడండి. చల్లారాక మూత తీసి, హీటర్ వాల్వు పూర్తిగా తెరిచి, గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేసి, నెమ్మదిగా పోస్తూ నింపండి. స్క్రూలోంచి బుడగల్లేని ధార వచ్చాక బిగించి, ఐడిల్‌లో నడపండి. పై హోస్ పైపు ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు. మళ్లీ చల్లారనిచ్చి మట్టం చూసి పోయండి, మర్నాడు మరోసారి చూడండి. రెండు మూడుసార్లు ఇలా చేసినా బుడగలు ఆగకపోతే పంప్ జోలికి పోకండి, ఇంజన్ బ్లాకుకీ హెడ్కీ మధ్యనుండే హెడ్ గ్యాస్కెట్ పరీక్ష చేయించండి.