మిక్సీ ఆగిపోతే తప్పు నాదేనా?

ప్రశ్న: నిన్న మిక్సీ తిప్పుతుంటే కాలిన వాసన వచ్చి టక్కున ఆగిపోయింది. ఇంట్లో అందరూ నేనే పాడుచేశానంటున్నారు. ఒకటే టెన్షన్. నిజంగా నా తప్పేనా?

జవాబు: ముందు ప్లగ్ తీసేయండి. మోటారు చల్లారాక మిక్సీని తిరగేసి చూస్తే, చాలా మోడళ్లలో అడుగున చిన్న బటన్ ఉంటుంది, ఎక్కువగా ఎర్రదే. బరువు ఎక్కువై మోటారు వేడెక్కినప్పుడు అది కరెంటు ఆపేసి బయటికి పొడుచుకొస్తుంది, అంటే మిక్సీ తనను తాను కాపాడుకుందన్నమాట. దాన్ని లోపలికి నొక్కి, ఖాళీ జార్‌తో ఒక్క క్షణం తిప్పి చూడండి. మళ్లీ వాసన వచ్చినా, బటన్ మళ్లీ తన్నుకొచ్చినా ఇక నొక్కొద్దు, మెకానిక్‌కి చూపించండి.

జార్‌ని బేస్ మీంచి తీసి, జార్ అడుగున ఉండే కప్లర్‌ని, అంటే మోటారుకు తగులుకుని బ్లేడ్లను తిప్పే ముక్కని, చేత్తో తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే లోపలి బుష్, అంటే బ్లేడు ఇరుసు తిరిగే చిన్న గొట్టం, పట్టేసి ఉండొచ్చు, దానికి మీరేం చేస్తారు? జార్ నిండా కుక్కి ఆపకుండా తిప్పి ఉంటే మాత్రం మీ పొరపాటు కొంత ఉంది. అయినా రోజూ వాడే మనిషి చేతిలోనే ఏదైనా పాడవుతుంది, వాడనివాళ్లు నింద వేయడం అన్యాయం.